బాడీగార్డ్ ట్రైనింగ్: ఏడు రోజులా, ఇరవై రోజులా, మూడు నెలలా?

బాడీగార్డ్ ట్రైనింగ్ ఇచ్చేవాణ్ని కాబట్టి ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, వారం రోజుల కోర్సు ఒకటుంది, ఇరవై రోజులది ఒకటుంది, మూడు నెలలది ఇంకొకటుంది. ఏది చేస్తే మేలు?" జిమ్ కుర్రాళ్లు అడుగుతారు, ఆర్మీ నుంచి రిటైరై వచ్చినవాళ్లు అడుగుతారు, పబ్బు గుమ్మం దగ్గర బౌన్సర్‌గా నిలబడి విసిగిపోయినవాళ్లు అడుగుతారు. పోయిన నెల మా మేనల్లుడు కూడా అదే అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వారం రోజుల కోర్సు సంగతి తేల్చేద్దాం. కొత్త కుర్రాడికి ఏడు రోజుల్లో బాడీగార్డ్ సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా అంటే అది ఫొటో కోసమే. నల్ల సఫారీ, నల్ల కళ్లద్దాలు, చెవిలో వైరు. డబ్బు దండగ. ఆన్‌లైన్ కోర్సులైతే వాటి గురించి రాయడం కూడా దండగే.

ఇరవై రోజులన్నది మాత్రం ఎవరో గాలిలోంచి తీసిన లెక్క కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో చట్టం వచ్చింది. మా లైన్లో అందరం పసారా అంటాం. దాని కింద కేంద్రం 2006లో ఇచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు, మొత్తం కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు, ఏడు పనిదినాలు చాలు.

చిక్కెక్కడంటే, ఈ చట్టానికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విజిటర్ల రిజిస్టర్ రాసే గార్డూ, మనిషి పక్కన నడిచే గార్డూ ఒకటే. మనిషిని కాపాడినా ఆస్తిని కాపాడినా పేరు ప్రైవేట్ సెక్యూరిటీయే, ట్రైనింగూ అదే. సిలబస్ తిరగేయండి. యూనిఫాం సరిగ్గా వేసుకోవడం, మంటలార్పడం, గుర్తింపు కార్డు పరిశీలించడం, జనాన్ని అదుపు చేయడం, పోలీసు ర్యాంకుల బ్యాడ్జీలు గుర్తుపట్టడం, స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ ఎలా ఇవ్వాలి... అన్నీ ఉన్నాయి. డిఫెన్సివ్ డ్రైవింగ్, అంటే ప్రమాదాన్ని ముందే పసిగట్టి బండి నడపడం, ఆర్మర్డ్ (కవచమున్న) బండి నడిపేవాడికే తప్పనిసరి, మిగతావాళ్లకు ఇష్టమైతేనే. ఆయుధం వాడటం కూడా ఇష్టమైతేనే. దాడి జరిగినప్పుడు మనిషిని లాక్కెళ్లి కారులో పడేయడం అనే పాఠం విడిగా ఎక్కడా కనపడదు.

అలాగని ఆ ఇరవై రోజుల్ని తీసిపారేయను. ఫస్ట్ ఎయిడ్ అందులోనే ఉంది. ఆత్మరక్షణ హక్కు గురించి చెప్పేదీ అందులోనే. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. వాటిని ఒక్క పూట శ్రద్ధగా చదివినా, సెల్ఫీ కోసం మీద పడిన కాలేజీ పిల్లాణ్ని చెంప మీద కొట్టి కేసులో ఇరుక్కోరు. కొట్టింది ఒకడైనా మర్నాడు టీవీలో తిట్లు పడేది వాడు కాపాడే సార్‌కి. నెలాఖరుకు ఉద్యోగం పోయేది వీడికి.

ఇక నా దృష్టిలో అసలు విషయం. ఈ ఉద్యోగంలో తొంభై తొమ్మిది రోజులు నిలబడటం, చూడటం, తలుపు తీయడం. నూరో రోజున రెండు మూడు సెకన్లు. ఆ కాసేపట్లో ఒళ్లు తనంతట తాను ఏం చేస్తుందన్నదే లెక్క. ఆలోచించి చేసేంత టైము ఉండదు.

జపాన్ మాజీ ప్రధాని షింజో అబే హత్యనే తీసుకోండి. 2022 జులై 8, నారాలో రైల్వే స్టేషన్ ముందు ఎన్నికల ప్రసంగం. హంతకుడు తుపాకీతో వెనక నుంచి వచ్చాడు. మొదటి దెబ్బ తగల్లేదు. రెండోది పేలడానికి మధ్య రెండున్నర సెకన్లకు పైనే గడిచింది. చుట్టూ ఉన్నవాళ్లు చేతకానివాళ్లేం కాదు, శిక్షణ పొందిన పోలీసులు. అయినా ఆ రెండున్నర సెకన్లలో ఎవరూ ఆయన్ని కిందికి నొక్కలేదు. చప్పుడు వచ్చిన వైపు చూడటం మనిషి నైజం. ఆ నైజాన్ని మాన్పించాలంటే ఎన్ని రోజులు పడుతుంది? ట్రైనింగ్ ఎన్నాళ్లుండాలి అన్న ప్రశ్నకు అర్థం నాకు తెలిసి ఇదొక్కటే.

శంషాబాద్ దాటాక ఒక మామిడితోట పక్కన మాకో ఖాళీ స్థలం ఉంది. అక్కడ సార్ వేషం నాదే. తెల్ల చొక్కా వేసుకుని ఫోన్ మాట్లాడుతూ నడుస్తుంటాను, చుట్టూ పన్నెండు మంది కుర్రాళ్లు. గోడ అవతల మావాడు చెప్పాపెట్టకుండా లక్ష్మీబాంబు పేలుస్తాడు. మొదటి రోజు పన్నెండు తలలూ గోడ వైపే తిరిగాయి. ఇద్దరు గొంతుక్కూర్చున్నారు. అందరికన్నా కండలున్నవాడు ఎవడ్రా అది అంటూ గోడ దగ్గరికి పరిగెత్తాడు. నా మీద ఒక్క చెయ్యీ పడలేదు.

జరగాల్సింది ఇదీ: దగ్గరున్నవాడి ఒక చెయ్యి వెనక నుంచి నా బెల్టు పట్టుకోవాలి, రెండోది మెడ మీద పడి నన్ను వంచాలి, వాడి ఒళ్లు చప్పుడుకీ నాకూ మధ్య ఉండాలి, అదే ఊపులో కారు వైపు తోసుకుపోవాలి. చెప్పడానికి ఐదు నిమిషాలు, చేసి చూపడానికి పది. ఇరవయ్యో రోజుకి పిల్లలు బ్రహ్మాండంగా చేస్తున్నారు. కానీ బాంబు పేలుతుందని తెలిసినప్పుడు మాత్రమే. సాయంత్రం టీ తాగుతుంటే పేల్చాం, మళ్లీ తలలు గోడకేసే. ఐదో వారం దాటాక ఒకరోజు మళ్లీ టీ వేళప్పుడే పేలింది. ఒకడి చేతిలో గ్లాసు ఎగిరిపోయింది, కానీ వాడి చెయ్యి నా బెల్టు మీద ఉంది. ఆ చొక్కా మీద మరక ఇప్పటికీ పోలేదు. పోగొట్టాలని కూడా లేదు.

ఇంకొకటి కారు. బొమ్మ కారు పెట్టుకుని, కుర్చీలు వేసుకుని నేర్పేచోట ఇది తెలియదు. నిజం కారు, నిజం డ్రైవర్ ఉండాలి. మావాళ్లు మొదటిసారి నన్ను లాక్కొచ్చి తలుపు దాకా తెచ్చారు. డ్రైవర్ లోపల సెంట్రల్ లాక్ వేసుకుని పాటలు వింటున్నాడు. నలుగురు అద్దం బాదుతున్నారు. నవ్వొచ్చింది గానీ, నిజం రోజున అదే జరిగితే?

కారెక్కించాక కూడా పని అయిపోదు. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద 1.7 సెకన్లలో ఆరు తూటాలు పేలాయి. పక్కనున్న ఏజెంట్ జెర్రీ పార్ ఆయన్ని కారులోకి తోసేశాడు. బండి వైట్‌హౌస్ వైపు వెళ్తోంది. తూటా తగిలిందని ఎవరికీ తెలియదు. పెదాల దగ్గర నురగతో ఎర్రటి నెత్తురు కనపడగానే పార్ బండిని ఆసుపత్రికి తిప్పించాడు. ఆ నురగంటే ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందని తెలియడానికి కరాటే బెల్టు పనికిరాదు. అందుకే ఫస్ట్ ఎయిడ్ క్లాసు ఎగ్గొట్టేవాణ్ని నేను మళ్లీ పిలవను.

ఆర్మీ అన్నలకు ఒక మాట. మీకు ఏడు రోజులు చాలంటున్న రూలు మీ పాత సర్వీసు చూసి పెట్టింది. సరే, క్రమశిక్షణ మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కాల్పులు వచ్చిన వైపు దూకమని ఏళ్ల తరబడి మీకు నేర్పారు. ఇక్కడ పని దానికి తలకిందులు, మనిషిని తీసుకుని అక్కణ్నుంచి వెళ్లిపోవాలి. కొత్త కుర్రాడు నేర్చుకుంటే సరిపోతుంది, మీరు ముందు మర్చిపోవాలి. నా దగ్గరికి వచ్చిన మాజీ జవాన్లలో దీనికి కుర్రాళ్లకన్నా ఎక్కువ రోజులు పట్టినవాళ్లున్నారు.

మరి ఆరు నెలలు, ఏడాది ఎందుకు కాదు? మన పోలీసు కానిస్టేబుళ్ల శిక్షణే తొమ్మిది నెలలు, గన్‌మన్లు వచ్చేది అక్కణ్నుంచే కదా అంటారు. నిజమే, కానీ ఆ తొమ్మిది నెలలు అన్ని రకాల పోలీసు పనికీ. జీతం ఇస్తూ నేర్పుతారు కూడా. ప్రైవేటులో ఆరు నెలలు జీతం లేకుండా కూర్చునే స్తోమత ఎవరికుంది? పైగా నేను చూసిన పొడవాటి కోర్సుల్లో సగం రోజులు పెంకులు పగలగొట్టడం, తాడు పట్టుకుని దిగడం, డ్రోన్‌తో వీడియో తీయించుకోవడం. దానికి తోడు నేర్చుకున్నది వాడకపోతే తుప్పు పడుతుంది. 2014లో ఒకడు కంచె దూకి వైట్‌హౌస్ లోపలికే వెళ్లిపోయాక వేసిన కమిటీ, అధ్యక్షుడి రక్షణ బృందం తన సమయంలో నాలుగో వంతు ట్రైనింగ్‌లోనే గడపాలని సిఫారసు చేసింది. మన దగ్గర అంత కుదరదు, కనీసం నెలకో రోజైనా యజమాని వదలాలి.

లండన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు కూడా అడుగుతుంటారు. అక్కడ బాడీగార్డ్ పనికి లైసెన్సే వేరు, గేటు గార్డుది చెల్లదు, కోర్సులో చేరాలంటే ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ముందే ఉండాలి. మనవాళ్లు ఇంకేం తెచ్చుకోకపోయినా ఈ పద్ధతి తెచ్చుకుంటే బాగుండేది.

నా ఓటు మూడు నెలలకే. అయితే మూడు నెలలూ గ్రౌండులో కాదు. ఆరు వారాలు గ్రౌండు, చట్టం అడిగే 160 గంటలు అందులోనే కలిసిపోతాయి. మిగతా ఆరు వారాలు ఒక సీనియర్ వెంట డ్యూటీ, సగం జీతం మీద. పెళ్లి రిసెప్షన్లో స్టేజీ దిగే మెట్ల దగ్గర తోపులాట ఎలా ఉంటుందో, రాత్రి రెండింటికి హోటల్ కారిడార్లో నిద్ర ఎలా కమ్ముకొస్తుందో, సార్ చెప్పిన టైముకి ముందే వెళ్లి లిఫ్టు, వెనక గుమ్మం, దగ్గర్లో ఆసుపత్రి చూసి రావడం ఏమిటో క్లాసులో ఎవరూ చూపలేరు. చేతిలో డబ్బు లేక ఇరవై రోజులకే వెళ్లాల్సి వస్తే వెళ్లండి, తప్పేం లేదు. ఫీజు కట్టేముందు మాత్రం ఒకటి అడగండి: "రోజుకి ఎన్నిసార్లు మనిషిని కారెక్కిస్తారు, ఆ కారు చూపించండి." జవాబుగా ఫోన్ తీసి కరాటే వీడియో పెడితే బయటికి వచ్చేయండి.

మేనల్లుణ్ని పోయిన ఆదివారం గ్రౌండుకి రమ్మన్నాను. బాంబు పేలింది. వాడూ గోడ వైపే చూశాడు, చూసి నా ముఖం చూసి నవ్వాడు. సోమవారం నుంచి వస్తున్నాడు. ఆరు వారాలు జీతం లేకపోతే ఇల్లెలా గడుస్తుందని మా అక్క మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు.