ఊహాజీవి: చిత్తుగీత నుంచి పూర్తి వర్ణచిత్రం దాకా ఏ దారి మేలు?

ఎక్కడా లేని జంతువును బొమ్మగా వేయడంలో అసలు చిక్కు, సరిచూసుకోవడానికి ఎదుట ఏదీ లేకపోవడమే. గుర్రాన్ని వేసేవారికి గుర్రం ఉంది. రెక్కల గుర్రాన్ని వేసేవారు మాత్రం ఆ రెక్క ఎక్కడ మొలిచిందో, ఏ కండరం దాన్ని కదుపుతుందో, వెలుగు దాని మీద ఎలా పడుతుందో తామే నిర్ణయించుకోవాలి. ఈ నిర్ణయాల్లో ఏది ముందు, ఏది వెనుక అన్న దగ్గరే చిత్రకారుల పద్ధతులు వేరవుతాయి. రంగులు ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద వాదనలు ఎక్కువగా వినిపిస్తాయి కానీ, బొమ్మ బాగుపడేదీ చెడేదీ చాలాసార్లు అంతకు ముందే, శరీర నిర్మాణం దగ్గర అని నా అభిప్రాయం. పోలిక గాలిలో తేలిపోకుండా ఒకే ప్రాణిని ఉదాహరణగా పెట్టుకుందాం: చిత్తడి నేలల్లో రాత్రిళ్లు తిరుగుతూ చేపలను వేటాడేది, గుర్రమంత ఎత్తు, నాలుగు కాళ్లు, వాటికి తోడు ముడుచుకునే పలుచటి చర్మపు రెక్కలు.

గీతతో మొదలుపెట్టాలా, నిండు ఆకారంతోనా?

కొందరు పెన్సిల్ గీతలతో ఆలోచిస్తారు. కొందరు లోపల ఏ వివరమూ లేని నల్లటి ఆకారాలను, అంటే సిల్హౌట్లను, చిన్నచిన్నగా ఒకే పుటలో వరుసగా వేసుకుంటూ పోతారు. నల్లటి ఆకారంలో కన్ను, పొలుసు, గోరు వేసే వీలు ఉండదు కనుక దృష్టంతా నిష్పత్తుల మీదే నిలుస్తుంది: మెడ ఎంత పొడవు, బరువు ముందుకా వెనక్కా, దూరం నుంచి చూసినా ఇది ఫలానా ప్రాణి అని పోల్చుకోగలమా అన్న ప్రశ్నలకు ఒక్క చూపులో జవాబు దొరుకుతుంది. గీత అలా కాదు. అది చేతిని ఊరికే వివరాల వైపు లాగుతుంది, ముఖం అందంగా కుదిరేసరికి కాళ్లు ఎంత పొట్టిగా ఉన్నాయో కనబడకుండా పోతుంది.

అయితే సిల్హౌట్‌కు ఒక పక్షపాతం ఉంది. పక్క నుంచి చూసిన భంగిమలే అందులో బాగా కుదురుతాయి కాబట్టి, ప్రాణి మనవైపు తిరిగి నడిచివస్తున్న భంగిమ బాగున్నా అది నల్లటి ముద్దలా కనిపించి కొట్టివేతకు గురవుతుంది. పాములా చుట్టలు చుట్టుకునే శరీరం విషయంలో ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఏ చుట్ట పైన ఉందో, ఏది కింద ఉందో గీతే చెప్పాలి. మన చిత్తడి ప్రాణికి పొడవాటి కాళ్లు, ముడుచుకున్న రెక్కలు ఉన్నాయి కనుక ముందు సిల్హౌట్, దాని మీద గీత అన్న వరుసే మేలు.

జంతువులను అతకాలా, ఎముకల నుంచి కట్టుకురావాలా?

ఊహించిన జంతువు సహజంగా కనిపించాలంటే దాని ప్రతి అవయవమూ ఏదో ఒక నిజమైన జంతువును పోలి ఉండాలని లియొనార్డో డావిన్చి తన రాతపుస్తకాల్లో సలహా ఇచ్చాడు. డ్రాగన్ వేయాలంటే వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, గ్రేహౌండ్ అనే సన్నటి వేటకుక్క ముక్కు, సింహం కనుబొమ్మలు, ముసలి కోడిపుంజు కణతలు, నీటి తాబేలు మెడ తీసుకోమన్నాడు. ఇప్పటికీ ఎక్కువమంది అనుసరించేది ఈ దారే, అందులో తప్పేమీ లేదు. ప్రతి భాగానికీ చూసి వేయడానికి రెఫరెన్స్ ఫోటోలు దొరుకుతాయి, చర్మం తీరూ ముడతలూ నమ్మదగ్గట్టు వస్తాయి. కానీ ఆ జాబితాను ఒకసారి జాగ్రత్తగా చదివితే అది మెడ దగ్గరే ఆగిపోయిందని తెలుస్తుంది. మెడకు కింద భుజం ఎక్కడ, రెక్క దేనికి అతుక్కుంది అన్న కష్టమైన భాగం అందులో లేదు.

రెండో దారి వెన్నెముక గీతతో మొదలై, భుజాల కూర్పు, తుంటి ఎముక, కాళ్ల కీళ్లు, ఆపైన కండరాలు, చిట్టచివర చర్మం అన్న వరుసలో నడుస్తుంది. ఇది నిదానమైన దారి, మొదట్లో విసుగు పుట్టిస్తుంది కూడా. దీని విలువ ఏమిటంటే, అతుకుల పద్ధతి ఎన్నడూ అడగని ప్రశ్నలను ఇది అడుగుతుంది. గబ్బిలం రెక్క అంటే బాగా సాగిన నాలుగు వేళ్ల మధ్య పరుచుకున్న చర్మం. అంటే రెక్క నిజానికి చెయ్యే. అలాంటప్పుడు మన ప్రాణికి నాలుగు కాళ్లూ ఉండి రెండు రెక్కలూ ఉంటే మొత్తం ఆరు అవయవాలవుతాయి, వెన్నెముక గల జంతువుల్లో అలాంటి అమరిక ఎక్కడా లేదు. ఊహాజీవి కాబట్టి పెట్టుకోవచ్చు, కాదనలేం; పెట్టుకుంటే మాత్రం ముందు భుజానికి వెనుక రెండో భుజపుటెముకకూ, రెక్కను కిందికి కొట్టే కండరాలు పట్టుకోవడానికి రొమ్ములో తగినంత మందానికీ చోటు చూపాలి. పక్షుల రొమ్ము ఎముక పడవ అడుగులా ముందుకు పొడుచుకువచ్చేది ఆ కండరాల కోసమే. చాలా రెక్కల బొమ్మల్లో రెక్కలు వీపు మీద అతికించినట్టు కనిపించడానికి కారణం ఈ చోటు వదలకపోవడమే.

లేదంటే అసలు ఆలోచననే మార్చుకోవచ్చు. డైనోసార్ల కాలం చివర్లో బతికిన క్వెట్జల్‌కోట్లస్ అనే ఎగిరే సరీసృపానికి రెక్కలు చాచితే ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు 10 మీటర్లు. నేల మీద అది రెక్కలను మడిచి, వాటినే ముందు కాళ్లుగా చేసుకుని నాలుగు కాళ్ల మీద నడిచేదని శిలాజాలను పరిశీలించినవారు భావిస్తారు. మన చిత్తడి ప్రాణికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ముందు కాళ్లే రెక్కలైతే ఆరు అవయవాల చిక్కు పోతుంది, నీటిలోకి అడుగు వేసినప్పుడు రెక్క చర్మం కాలి వెంట మడతలు పడి వేలాడుతుంది, ఆ మడతలే తర్వాత చిత్రంలో అందమైన వివరమవుతాయి. అతుకుల పద్ధతిలో వెళ్తే ఈ మార్పు తట్టేది కాదు.

పరిమాణం విషయమూ ఎముకల దారిలోనే బయటపడుతుంది. ఒక ప్రాణి ఆకారం మారకుండా ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది, కాలి అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే ఏనుగు కాళ్లు స్తంభాల్లా నిటారుగా ఉంటాయి. కొంగ కాళ్లను ఉన్నదున్నట్టు గుర్రమంత శరీరం కింద పెడితే, కారణం చెప్పలేకపోయినా చూసేవారి కంటికి అది నిలబడదని తెలిసిపోతుంది. కుక్క వెనుక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియక వేసిన కాలు ఎంత చక్కగా రంగులద్దినా నడవదు.

అతుకుల పద్ధతికి అనుకూలంగా చెప్పగల గట్టి ఉదాహరణ జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1515లో చేసిన ఖడ్గమృగం చెక్కముద్ర. ఆయన ఆ జంతువును కళ్లారా చూడలేదు. ఒక వర్ణననూ చిత్తుబొమ్మనూ ఆధారంగా చేసుకుని దానికి కవచం లాంటి పలకలు, కాళ్లకు పొలుసులు, వీపు మీద లేని చిన్న కొమ్ము పెట్టాడు. అయినా 18వ శతాబ్దం దాకా యూరప్‌లో ఎందరో అదే అసలైన రూపమని నమ్మారు. ఉపరితలాన్ని శ్రద్ధగా, నమ్మకంగా వేస్తే నిర్మాణంలోని తప్పులు దాగిపోతాయన్నమాట. ఒకే ఒక్క బొమ్మ, కదలని భంగిమ, పుస్తకం అట్ట మీదకు అనుకుంటే ఈ దారి చాలు. ఆ ప్రాణి రేపు పరుగెత్తాలన్నా, ఎగరాలన్నా, ఇంకో కోణం నుంచి కనిపించాలన్నా ఎముకల దారి తప్పదు. నా మొగ్గు ఎముకల వైపే. చర్మం, ముక్కు, కనుపాప వంటి పై వివరాలకు మాత్రం లియొనార్డో సలహా పాటించడమే మంచిది. నేలకు దగ్గరగా పొంచి ఉండి వేటాడే చిన్న జంతువుల కనుపాపలు నిలువు చీలికల్లా ఉంటాయి, మేసే జంతువుల్లో చాలావాటికి అడ్డంగా ఉంటాయి. ఏది పెట్టాలో ప్రాణి బతుకుతెరువును బట్టి తేల్చుకోవచ్చు.

త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గోళాలు, గొట్టాలతో మోటు నమూనా చేసుకుని దాని మీద బొమ్మ వేయడం ఇంకో దారి. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కనుక ఖర్చు అడ్డు కాదు. ఒకే ప్రాణిని అనేక కోణాల్లో వేయాల్సి వస్తే దీని వల్ల శ్రమ బాగా తగ్గుతుంది. ఒక్క చిత్రానికైతే నమూనా బిగుతు బొమ్మలోకీ పాకి, మొదటి చిత్తుగీతలోని ఊపు పోతుంది.

ముందు బూడిదరంగా, నేరుగా రంగులా?

బూడిద ఛాయల్లో వెలుగునీడలన్నీ పూర్తిచేసి, ఆపైన రంగు పొరలు వేయడం ఒక పద్ధతి. మొదటి బ్రష్ దెబ్బ నుంచే రంగులో ఆలోచించడం ఇంకొకటి. మొదటిది కొత్తదేమీ కాదు. తైలవర్ణ చిత్రకారులు ఒకే రంగు ఛాయల్లో అడుగుపూత వేసి, దాని మీద పారదర్శకమైన రంగులు పూసేవారు. కంప్యూటర్‌లో బొమ్మలు దిద్దే ఫొటోషాప్ సాఫ్ట్‌వేర్ 1990లో వచ్చినా, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని విడివిడిగా దిద్దుకోగల పొరలు, అంటే లేయర్లు, 1994లో గానీ రాలేదు. ఆ లేయర్లు వచ్చాక డిజిటల్ చిత్రకారులకు ఈ దారి మరింత సులువైంది. దీని బలం స్పష్టం: కన్ను రూపాన్ని ప్రధానంగా వెలుగునీడల తేడాతోనే గుర్తిస్తుంది కాబట్టి, రంగు ఊసు లేకుండా ఆ తేడాను సరిదిద్దుకోవడం ఒకేసారి రెండు సమస్యలతో పెనుగులాడటం కంటే తేలిక.

కానీ తైలవర్ణపు పారదర్శక పూతకూ, సాఫ్ట్‌వేర్‌లో బూడిద పొర మీద రంగు వేయడానికి వాడే కలర్ మోడ్‌కూ పోలిక పైపైనే. తైలంలో వెలుగు పై పొర గుండా వెళ్లి అడుగుపూతను తాకి తిరిగొస్తుంది. కలర్ మోడ్ చేసేది లెక్క మాత్రమే: కింది పొర నుంచి ప్రకాశాన్ని, పై పొర నుంచి వర్ణాన్నీ గాఢతనూ తీసుకుంటుంది. ముదురు బూడిద మీద పసుపు వేస్తే పసుపు రాదు, బురదపచ్చ వస్తుంది, ఎందుకంటే పసుపు సహజంగా ప్రకాశవంతమైన రంగు. ముదిరితే తన గుణమే కోల్పోతుంది. నీలం ఇందుకు విరుద్ధంగా ముదురు స్థాయిలోనే గాఢంగా ఉంటుంది. బూడిద మీద వేసిన చాలా ప్రాణులు రంగు నీళ్లు చల్లిన ఫోటోల్లా కనిపించడానికి ఇదే కారణం: నీడలోకి వెళ్లినా, వెలుగులోకి వచ్చినా రంగు తన వర్ణం మార్చుకోదు, పలచబడటమో ముదరడమో చేస్తుందంతే.

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. బూడిద చిత్రంలో చర్మపు సొంత ముదురుదనమూ, దాని మీద పడిన నీడా రెండూ ఒకే ఛాయగా కలిసిపోతాయి. ఎన్నో జంతువులకు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటుంది. పైనుంచి పడే వెలుగును ఈ అమరిక చెరిపేసి, జంతువును పరిసరాల్లో కలిపేస్తుందని ఎబట్ థేయర్ అనే చిత్రకారుడు 1896లో వివరించాడు. ప్రాణిని దాచిపెట్టే ఆ ముదురు, లేత రంగుల అమరిక చిత్రకారుడు కష్టపడి తెచ్చిన గుండ్రదనాన్ని కూడా చెరిపేస్తుంది. కాబట్టి బూడిద దారిలో వెళ్లేవారు ముందు ప్రాణి అంతా ఒకే తెల్లటి మట్టితో చేసినట్టు ఊహించి వెలుగునీడలు వేసి, చర్మపు సొంత రంగులను, చారలను వేరే లేయర్‌లో, కింది పొరను ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో ఉంచుకోవడం క్షేమం. రెంటినీ ఒకే పొరలో కలిపేస్తే తర్వాత ఏది నీడో ఏది చారో వేసినవారికే తెలియదు.

నేరుగా రంగుల్లోకి దిగితే ఈ చిక్కులు ఉండవు. వెచ్చని వెలుగు, చల్లని నీడ అన్న తేడా మొదటి నుంచీ ఉంటుంది. మన ప్రాణి రెక్క వెనుక ఉదయపు సూర్యుడు ఉన్నాడనుకుంటే, పలుచటి చర్మం గుండా వెలుగు దూరి లోపల ఎర్రగా, నారింజగా వెలుగుతుంది. ఆ వెలుగు బూడిదలో కేవలం ఒక లేత మచ్చగా మిగులుతుంది, అందువల్ల దాని చుట్టూ చేసే నిర్ణయాలన్నీ గుడ్డిగా జరుగుతాయి. ఈ దారి నష్టం కూడా చిన్నదేమీ కాదు. రంగులు హుషారుగా ఉన్నప్పుడు వెలుగునీడలు గతి తప్పినా కంటికి తట్టదు, రూపం చదునైపోతుంది. అన్నిటికీ పైన, బొమ్మనంతా నలుపు తెలుపులో చూపే ఒక లేయర్ పెట్టి, అప్పుడప్పుడు దాన్ని వెలిగించి చూసుకునే అలవాటు లేనివారికి ఈ దారి నేను చెప్పను.

అందుచేత తీర్పును దృశ్యానికే వదలాలి. అదే ప్రాణి వెన్నెల రాత్రి నీటిలో నిలబడి ఉంటే బూడిద దారి దాదాపు సరిపోతుంది, ఎందుకంటే మసక వెలుగులో మన కన్ను రంగులను సరిగా చూడలేదు. వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు నల్లబడి, నీలం దానికంటే తేటగా కనిపిస్తుందని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లోనే గమనించాడు. ప్రాణి తలమీది ఎర్రటి జుట్టును ఈ దృశ్యంలో దాదాపు నల్లగా వేయాలి. ఉదయపు ఎండలో అదే ప్రాణి రెక్క విప్పితే మాత్రం రంగుతోనే మొదలుపెట్టాలి. రెండింటికీ పనికొచ్చే మధ్యదారి కావాలంటే, అరచేతిలో పట్టేంత చిన్న రంగు చిత్తును ముందే వేసి పక్కన పెట్టుకుని, అడుగుపూతను ఉత్త బూడిదలో కాకుండా కాస్త వర్ణం ఉన్న ఛాయల్లో వేసి, పైన కలర్ మోడ్ మీద ఆధారపడకుండా మామూలు రంగులతోనే పూయాలి. మధ్యయుగపు ఇటలీ చిత్రకారులు మనుషుల చర్మం కింద పచ్చమట్టి రంగు పూసేది ఇటువంటి ఆలోచనతోనే. పని కొంత పెరుగుతుంది, అయినా నేను ఎంచుకునేది ఇదే.

ముగింపు పనిలో

గీతలను ఉంచాలా, రంగులో కలిపేయాలా అన్నది అభిరుచి మాట. తడి చర్మం ఉన్న ప్రాణికి మాత్రం గీత ఉంటే మెరుపు తేలదు కాబట్టి కలిపేయడమే నయం. తడి చర్మం మీది మెరుపు చర్మం రంగులో కాక వెలుగు రంగులో ఉంటుంది, దాని అంచు పదునుగా ఉంటుంది. బొచ్చు మీద మెరుపు వెడల్పుగా చెదిరిపోతుంది. పొలుసులను ఒళ్లంతా ఒకే శ్రద్ధతో వేయడం కంటే ముఖం, భుజం, నీటిని తాకే పాదం దగ్గర గట్టిగా వేసి, మిగతా చోట్ల సూచించి వదిలేయడమే మేలు.

ఇక చివరి ఎంపిక, ఎవరి కోసం వేస్తున్నామన్నది. చూసేవారి కోసమైతే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఆ ప్రాణిని త్రీడీలో మలిచే మరొకరికి అందించాలంటే పొగమంచు, ఎదురు వెలుగు, చీకట్లో కలిసిపోయిన వెనుక కాళ్లు ఉన్న గొప్ప చిత్రం కంటే, మామూలు వెలుగులో ముందు నుంచీ పక్క నుంచీ వేసిన సాదా బొమ్మలు, రెక్క విప్పినప్పుడూ ముడిచినప్పుడూ వేళ్లు ఎలా మడతపడతాయో చూపే చిన్న గీతాచిత్రం ఎక్కువ ఉపయోగపడతాయి. అలాంటప్పుడు పూర్తి వర్ణచిత్రాన్ని ఆ పుటలన్నీ సిద్ధమయ్యాకే మొదలుపెట్టడం మంచిది.