పాత ఇల్లు కొంటున్నారా? అమ్మేవాళ్లు ఇచ్చిన సీవర్ కెమెరా వీడియో చూసి సంతకం పెట్టకండి

పాత ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. మేం ఇల్లు కొని ఇంకా ఏడాది కాలేదు. ఈలోపే ఇంటి ముందు నేలంతా తవ్వించి, వాకిలి గచ్చు పగలగొట్టించి, నేల కింది మురుగు పైపు దాదాపు సగం మార్పించాల్సి వచ్చింది. ఆ పైపు సంగతి పట్టించుకోకుండా కొన్నామా అంటే అదీ లేదు. పైపు లోపలికి కెమెరా పంపి తీసిన వీడియో చూసే కొన్నాం.

అమ్మినవాళ్లు మేం అడగకముందే ఒక ఫైలు చేతిలో పెట్టారు. సీవర్ లైన్ కెమెరాతో చూపించామని ఒక పేజీ రిపోర్టు, పెన్‌డ్రైవ్‌లో ఏడు నిమిషాల వీడియో. పైపు లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక ఖర్చు తగ్గిందని సంతోషించాం. ఇల్లు మొత్తం చూడటానికి మా తరఫున ఒక ఇన్‌స్పెక్టర్‌ని కూడా పెట్టుకున్నాం. ఆయన కుళాయిలన్నీ తిప్పి, ఫ్లష్‌లు నొక్కి, నీళ్లు బాగానే పోతున్నాయని రాశారు. నేలలో ఉన్న పైపులు తన తనిఖీలోకి రావని కూడా రాశారు. ఆయన తప్పేం లేదు, మామూలు ఇంటి తనిఖీలో నేల కింది లైన్ చూడరు. వీడియో ఉంది కదా అని మేమే ఆ మాట దాటేశాం.

చేరిన ఆరో వారంలో మొదలైంది. వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలినప్పుడల్లా కింది బాత్‌రూమ్ జాలీలోంచి గుడగుడమని చప్పుడు. కొన్నాళ్లకు పైన ఫ్లష్ నొక్కితే కింద కమోడ్‌లో నీళ్లు పైకి లేచి మెల్లగా దిగేవి. ఒకరోజు పొద్దున్నే స్నానానికి వెళ్లిన మా అత్తయ్యగారు గట్టిగా కేక పెట్టారు. వెళ్లి చూస్తే జాలీలోంచి నల్లటి నీళ్లు ఉబికి వస్తున్నాయి, మీద కాగితం ముక్కలు తేలుతున్నాయి. పెద్దావిడ చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, అడుగు ఎటు వేయాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆ క్షణం నాకు వచ్చినంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఒక్క సింక్‌లోనే నీళ్లు నిలిస్తే అడ్డు సాధారణంగా ఆ సింక్ పైపులోనే ఉంటుంది. ఒకచోట నీళ్లు వదిలితే మరోచోట పైకి తన్నుతుంటే, అదీ ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్నచోట తన్నుతుంటే, అడ్డు బయటికి వెళ్లే మెయిన్ పైపులో ఉన్నట్టే. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఒకేసారి రెండు మూడు చోట్ల నీళ్లు వదిలి, కింది జాలీ దగ్గర చెవి పెట్టి వినండి.

ప్లంబర్ వచ్చి కెమెరా దింపారు. వంగే పొడవాటి కడ్డీ, దాని చివర లైట్లున్న చిన్న కెమెరా. ఎన్ని అడుగులు లోపలికి వెళ్లిందో స్క్రీన్ మూలలో అంకె కనిపిస్తూ ఉంటుంది. 36 అడుగుల దాకా పీవీసీ పైపు. అక్కడి నుంచి పాత మట్టి పైపు. మొదటి జాయింట్‌లోనే వేర్లు జుట్టులా వేలాడుతున్నాయి. 44 దగ్గర కెమెరా నీళ్లలో మునిగి స్క్రీన్ అంతా బురద రంగైపోయింది. మళ్లీ 51 దగ్గర తేలింది. "ఇక్కడ పైపు కుంగిందమ్మా, వాటం పోయింది. నీళ్లు నిలబడిపోయి కాగితం, జిడ్డు అన్నీ ఇక్కడే పేరుకుంటున్నాయి" అన్నారాయన. వీధి లైనులో కలిసేది 63 అడుగుల దగ్గర.

ఆ రాత్రి అమ్మినవాళ్ల వీడియో మళ్లీ పెట్టుకుని, ఈసారి మూలలో ఉన్న అంకెనే చూస్తూ కూర్చున్నాను. 35 దగ్గర కెమెరా ఆగింది. రెండు క్షణాలు నిలబడి వెనక్కి తిరిగింది. రిపోర్టులో "చూసినంత మేర లోపాలు లేవు" అని ఉంది. ఆ "చూసినంత మేర" అన్న మాటను కొనేముందు నేను రెండుసార్లు చదివాను, ఎంత మేర అని ఒక్కసారీ అడగలేదు. ప్లంబర్‌కి చూపిస్తే ఇంకో సంగతి చెప్పారు: పైపు గోడలు అంత మెరుస్తున్నాయంటే ముందు ప్రెషర్ నీళ్లతో జెట్టింగ్ చేసి, ఆ తర్వాతే వీడియో తీసి ఉంటారట.

వేర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "కోయించాం, అయిపోయింది" అనుకుంటారు. పాత మట్టి పైపులు చిన్న చిన్న ముక్కలు, రెండు మూడు అడుగులకో జాయింట్ ఉంటుంది. ఆ జాయింట్ సిమెంటు పగిలితే తేమ బయటికి వస్తుంది. తేమ దొరికినవైపు వేరు పెరిగి, వెంట్రుకంత సందులోంచి లోపల దూరి, లోపల గుబురవుతుంది. కట్టర్‌తో కోస్తే దారి తెరుచుకుంటుంది కానీ సందు అలాగే ఉంటుంది, మళ్లీ పెరుగుతుంది. కోసిన మర్నాడు వీడియో తీస్తే పైపు కొత్తదానిలా కనిపిస్తుంది. పోత ఇనుము పైపులైతే లోపల తుప్పు పొరలు కట్టి, అడుగుభాగం తినేసి ఉంటుంది. కొత్త ఇల్లయినా ధీమా వద్దు. తవ్వి పూడ్చిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే పీవీసీ పైపు కూడా కుంగుతుంది.

తవ్వకుండా బాగుచేసే పద్ధతి ఉంది. రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టించిన మెత్తటి గొట్టాన్ని పాత పైపులోకి పంపి, అక్కడే గట్టిపడేలా చేస్తారు. పగుళ్లకూ, వేర్లు దూరే జాయింట్లకూ అది బాగా పనిచేస్తుంది. కుంగిన పైపుకు మాత్రం పనికిరాదు, లోపలి గొట్టం కూడా అదే పల్లంలో పడుకుంటుంది. 4 అంగుళాల పైపుకు అడుగుకి పావు అంగుళం వాటం పెట్టడం మామూలు. అది పోయినచోట తవ్వి సరిచేయడం తప్ప మాకు దారి లేకపోయింది.

కాబట్టి కెమెరా తనిఖీ మీ డబ్బుతో, మీ మనిషితో చేయించుకోండి. రిపేర్ పనులు అమ్ముకునేవాళ్లు ఉచితంగా చూస్తామంటే ఒప్పుకోకండి, చూసినందుకే డబ్బు తీసుకునేవాళ్లను పిలవండి. తనిఖీ జరుగుతున్నంతసేపూ అక్కడే ఉండండి. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఇల్లయితే మరీ జాగ్రత్త: పైపు ఎండిపోయి ఉంటుంది, నీళ్లు నిలిచేచోటు తెలియదు. ముందు ఒక పావుగంటైనా కుళాయిలు వదిలి, టాయిలెట్ పేపర్ వేసి ఫ్లష్ చేసి, ఆ తర్వాత కెమెరా దింపమనండి. ఈమధ్య జెట్టింగ్ చేయించారా, ఎప్పుడు, ఎందుకు అని అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. లైన్‌లోకి కెమెరా దింపే మూత దొరకలేదని సగంలో వదిలేస్తామంటే వినకండి, కమోడ్ తీసి అయినా దింపవచ్చు. కెమెరా వీధి లైనును చేరాలి, అది మీ కళ్లతో చూడాలి. లోపం కనబడ్డచోట పైన నేల మీద గుర్తు పెట్టించి, లోతు రాయించుకోండి. కెమెరా తలలో సిగ్నల్ ఇచ్చే పరికరం ఉంటే పైనుంచి లొకేటర్‌తో పట్టుకోవచ్చు. వీడియో ఎక్కడా కోయకుండా మొత్తం ఇమ్మనండి.

ఇంటి నుంచి వీధి లైనుదాకా పైపు బాధ్యత ఎవరిదో కూడా ముందే మీ స్థానిక సంస్థలో కనుక్కోండి. చాలాచోట్ల అది ఇంటి యజమానిదే, పైపు మీ గోడ దాటి రోడ్డు కిందికి వెళ్లినా సరే. పక్కింటితో కలిసిన లైనేమో కూడా అడగండి.

అగ్రిమెంట్‌లో ఈ తనిఖీకి గడువు, లోపం తేలితే ధర తగ్గించుకునే లేదా అడ్వాన్స్ వెనక్కి తీసుకుని తప్పుకునే హక్కు రాయించుకోండి. నోటి మాటగా వద్దు. "వీడియో ఉంది కదా, మళ్లీ ఎందుకు?" అని అమ్మేవాళ్లు అంటే, ఆ వీడియోని వాళ్ల ముందే చివరిదాకా నడిపించి, కెమెరా ఆగిన అంకె ఎంతో, ఇంటి నుంచి వీధి లైనుకి దూరం ఎంతో అడగండి.