సరుకు దిగే గుమ్మం దగ్గర కాపలా: ఒక సెక్యూరిటీ ఏజెన్సీ సేవపై సమీక్ష

గుంటూరులో మేము నడుపుతున్న సూపర్‌మార్కెట్‌కు ఒక ప్రైవేటు ఏజెన్సీ నుంచి గార్డులను తీసుకున్నాం. ఇలాంటి సేవ కోసం చూస్తున్న దుకాణదారులకు ఉపయోగపడుతుందని మా అనుభవాన్ని రాస్తున్నాను.

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు లేని ఏజెన్సీ గార్డులను పంపకూడదు. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. ఈ ఏజెన్సీ లైసెన్సును వెంటనే చూపించింది గానీ, శిక్షణ ధ్రువపత్రాల కోసం మాత్రం పదేపదే ఫోన్ చేయాల్సి వచ్చింది.

తరుగు, అంటే దుకాణంలో లెక్కకు తగ్గే సరుకు, అనగానే వస్తువు దాచుకుని పోయే కస్టమరే అందరికీ గుర్తొస్తాడు. సరఫరాదారు తక్కువ దించిన పెట్టెలు, కౌంటర్లో స్కాన్ కాకుండానే తెలిసినవాళ్ల సంచిలో పడే వస్తువులు, బిల్లింగ్ పొరపాట్లు కూడా ఆ లెక్కలోవే. అందుకే ఈ సేవలో నాకు బాగా నచ్చింది సరుకు దిగే వెనక గుమ్మం దగ్గరి పని. వ్యాను రాగానే గార్డు చలాను (సరుకు వివరాల చీటీ) చూసి పెట్టెలు లెక్కపెడతాడు. టేపు ఊడదీసి మళ్లీ అతికించిన ఆనవాలు కనిపిస్తే ఆ పెట్టెను పక్కన పెట్టించి విప్పిస్తాడు. కందిపప్పు బస్తా తూచే ముందు కాటా సున్నా చూపుతోందో లేదో చూసుకుని, బరువు రిజిస్టరులో రాసి డ్రైవరు చేత సంతకం చేయిస్తాడు. ఖాళీ అట్టపెట్టెలను చదునుగా మడిస్తే తప్ప బయటికి వదలడు. చెత్తతో పాటు మంచి సరుకు దాటిపోయేది ఆ దారిలోనే.

ముందు గుమ్మం దగ్గర మర్యాదకు లోటు లేదు. “అమ్మా, బిల్లు ఒకసారి చూపిస్తారా?” అని అడుగుతారే తప్ప ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయరు. గార్డుకు పోలీసు అధికారాలు లేవనీ, తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసిన వ్యక్తిని సాధారణ పౌరుడిలా పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలనీ సూపర్‌వైజరు తన కుర్రాళ్లకు బాగా నేర్పాడు. ఒక చిన్న పిల్లవాడి చేతిలో బిల్లు కాని బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తే, పదిమందిలో గొడవ చేయకుండా తల్లిని కౌంటరుకు తీసుకెళ్లి డబ్బు కట్టించి పంపిన తీరు చూసి ఎంతో సంతోషించాను.

అసంతృప్తి అంతా ఏజెన్సీ యాజమాన్యం మీదనే. రాత్రి డ్యూటీ చేసినవాడినే తెల్లవారాక పగటి డ్యూటీలోనూ నిలబెట్టడం అన్యాయం. నిద్రలేని కళ్లు చలాను సరిగా చదవలేవు. గార్డులకు జీతాలు ఆలస్యం కావడం కూడా మేము గమనించాం. వరుస డ్యూటీలు ఆపాలి, జీతాలు సకాలంలో ఇవ్వాలి, ప్రతి నెలా గార్డుల పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్టిన చలాన్లు చూపాకే మా దగ్గర బిల్లు సొమ్ము తీసుకోవాలి: ఈ షరతులకు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఒప్పందాన్ని పొడిగిస్తామని ఏజెన్సీకి తెలియజేశాం.