ఫ్లెక్సీ మీద యుద్ధపటాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల మీద గళ్ల పటం పరిచి, బొమ్మలు కదుపుతూ, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట. అది ఆడే మా బృందంలో ఆట నడిపేది నేను. పటాల బాధ్యతా నాదే. ఇంటి ప్రింటరు, జెరాక్స్ దుకాణంలో ఏ3 రంగుల కాగితం, ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటరు, ఫ్లెక్సీ, అన్నీ అయ్యాయి. చివరికి నా దగ్గర నిలిచినవి రెండే. పదేపదే వాడే పటాలకు ఫ్లెక్సీ. ఒక్కసారి ఆడి పక్కన పెట్టేవాటికి ప్లాటరు మీద నలుపు తెలుపు కాగితం. డబ్బు పోసి ల్యామినేషన్ చేయించినవన్నీ అటకెక్కాయి. ట్యూబులైటు కింద వాటి మెరుపుకు సగం గళ్లు కనిపించవు.

ఫ్లెక్సీ నెగ్గడానికి మొదటి కారణం కొలత. ఆటలో 5 అడుగుల నేల బల్ల మీద ఒక అంగుళం గడి. 1974లో వచ్చిన తొలి కూర్పులోనూ, లెక్క వేరైనా, దూరాలు అంగుళాల్లోనే చెప్పారు. కాగితమేమో మిల్లీమీటర్లలో వస్తుంది. ఏ3 అంటే 420×297, అంటే సుమారు పదహారున్నర అంగుళాల పొడవు, పన్నెండుకు కాస్త తక్కువ వెడల్పు. అంచులు కత్తిరించాక 15×10 గళ్లు చేతికొస్తాయి. నాలుగు కాగితాలు అతికిస్తే ఎక్కడో ఒకచోట గోడ విరిగినట్టు గీత తప్పుతుంది. ఫ్లెక్సీ వాళ్లు మాత్రం ఇప్పటికీ అడుగుల్లోనే మాట్లాడతారు. మూడడుగులు, రెండడుగులు అని చెబితే చాలు: అతుకు లేకుండా 36×24 గళ్లు. ఆటలో అది 180 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు ఉన్న రణరంగం. మా డైనింగ్ టేబుల్ మీద పరిచాక పాచికలకూ టీ గ్లాసులకూ చోటు మిగులుతుంది. ధర చదరపు అడుగు లెక్కన కడతారు. నాకైతే పటం ఒక్కోటి బిర్యానీ ఖర్చుకు ఎప్పుడూ మించలేదు.

ఫైలు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికే పటాల్లో చాలావరకు తెర మీద ఆడుకోవడానికి చేసినవి. గడికి 70 పిక్సెళ్లు ఉంటే తెర మీద ముద్దుగానే ఉంటుంది, అంగుళానికి అచ్చువేస్తే ఇటుకలన్నీ మసకబారతాయి. నేను 150 పెట్టుకుంటాను, అంటే మూడడుగుల పటానికి 5400×3600. కూర్చున్న దూరం నుంచి చూడటానికి అది ధారాళంగా సరిపోతుంది. రంగుల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. తెర తన వెలుగుతో చూపిస్తుంది, ఫ్లెక్సీకి ఆ వెలుగు లేదు. గుహ, నేలమాళిగ, రాత్రి అడవి లాంటివి ఉన్నవున్నట్టు ఇస్తే నల్లటి చాప వస్తుంది. బొమ్మలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కళ్లకు వెలిసిపోయినట్టు అనిపించేదాకా వెలుగు పెంచి ఇస్తాను. అచ్చులో అది సరిగ్గా కుదురుతుంది.

దుకాణంలో కంప్యూటరు ముందున్న కుర్రాడు పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటో ఎవరిది పెట్టాలి సార్?" అని అడిగాడు. అచ్చయ్యాక అక్కడే స్కేలు పెట్టి పది గళ్లు కొలవడం నా అలవాటు. పది అంగుళాలకు వెంట్రుకవాసి తేడా ఉన్నా పరవాలేదు. ఒకసారి తొమ్మిదిన్నరే వచ్చింది. చెప్పిన సైజులో పట్టేలా ఫైలును కుదించేశారు. మామూలు మనిషి బొమ్మ అడుగుబిళ్ల 25 మిల్లీమీటర్లు, గడి 25.4. ఆ కాస్త సందు కూడా పోతే పక్కపక్కన నిలబెట్టిన నలుగురు గోబ్లిన్లు (ఆటలోని చిట్టి రాక్షసులు) ఒకరినొకరు నెట్టుకుంటారు.

వాడకంలో టీ ఒలికినా తుడిస్తే పోతుంది, కాగితానికి ఆ భాగ్యం లేదు. కొత్తలో రంగు వాసన కొన్ని రోజులు ఉంటుంది, బాల్కనీలో ఆరేయాలి. మడిస్తే గీత తెల్లబడి అలాగే ఉండిపోతుంది కాబట్టి చుట్టాలి, అదీ బొమ్మ వైపు బయటికి వచ్చేలా. అప్పుడే పరిచినప్పుడు అంచులు పైకి లేవకుండా బల్లను పట్టుకుంటాయి. మార్కర్లతో రాయకండి, వైట్‌బోర్డు మార్కరు గీత రాత్రంతా ఉంటే మచ్చ మిగులుతుంది, శానిటైజరుతో రుద్దితే మచ్చతో పాటు అడవి కూడా వస్తుంది. మంత్రాల పరిధికి ఎంబ్రాయిడరీ రింగులు తెచ్చుకున్నాను. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వ్యాసార్థం 20 అడుగులు, అంటే అడ్డంగా 40 అడుగులు, 8 గళ్లు; దానికి 8 అంగుళాల రింగు అచ్చంగా సరిపోతుంది. ఇంకా చూడని గదులను దాచడానికి పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ షీటు.

ఎన్ని పొగిడినా ఇది ప్లాస్టిక్కే. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పటి నుంచి నాకూ కాస్త గుచ్చుకుంటూనే ఉంది. అందుకే కొత్త పటమంటే రోడ్డు, వంతెన, సత్రం, అడవి లాంటివే వేయిస్తాను, ఏ కథలోనైనా పనికొస్తాయని. గుడ్డ మీద ముద్రణ కూడా చూశాను. మెరుపు లేదు, రంగు హాయిగా ఉంది, కానీ పాచిక పడిన చోటల్లా ముడత పడి గళ్లు వంకరపోతాయి. బల్ల అంచులకు క్లిప్పులు పెట్టి బిగిస్తే కొంత నయం. రాబోయే చిత్తడి నేల పటం గుడ్డ మీదే వేయిస్తున్నాను; అక్కడ నేల వంకరగా ఉందని మా వాళ్లు ఫిర్యాదు చేయలేరు.