ఫూబార్2000 కన్వర్టర్: సౌండు గొడవ తీరింది, కాకపోతే...

ఫ్లాక్‌ని (క్వాలిటీ ఏమీ పోకుండా దాచే పాట ఫైలు) ఎంపీ3 చెయ్యడం ఏ సాఫ్ట్‌వేరైనా చేసేస్తుంది, దాని గురించి రాయడానికేం లేదు. నేను ఇన్నేళ్లుగా కంప్యూటర్లో పాటలు వినడానికీ మార్చడానికీ ఈ ఫూబార్‌నే పట్టుకుని వేలాడుతున్నది ఒకే ఒక్కదానికి, మార్చేటప్పుడే పాటలన్నిటి సౌండూ ఒకే లెవెల్‌కి తెచ్చేస్తుంది.

మాది ఒడిశాలోని రాయగడ. బండిలో ఉన్న పాత స్టీరియో ఫ్లాక్ ముట్టదు, ఎంపీ3 ఉంటేనే పాడుతుంది. పెన్‌డ్రైవ్‌లో మా నాన్న కేసెట్లనుంచి ఎక్కించిన హరికథలు, పాత సినిమా పాటలు, మా బావమరిది పోగేసిన సంబల్‌పురి డీజే పాటలు అన్నీ కలిపే ఉంటాయి. హరికథ వినబడట్లేదని సౌండు పెంచుతామా, అది అవ్వగానే డీజే మొదలై వెనక సీట్లో నిద్రపోతున్న గుంట ఉలిక్కిపడి లేచి ఏడుపు. కోరాపుట్ ఘాట్ ఎక్కుతూ మలుపుమలుపుకీ సౌండు తగ్గించుకుంటూ కూర్చోవాలంటే ఎంత నరకమో ఆ రోడ్డు మీద తోలినోళ్లకి తెలుసు.

చెయ్యాల్సింది పెద్దేం లేదు. పాటలన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో రీప్లేగెయిన్ స్కాన్ కొట్టాలి, ఏ పాట ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. తర్వాత కన్వర్ట్‌లోకెళ్లి ప్రాసెసింగ్‌లో రీప్లేగెయిన్ ఆన్ చేసి, సౌండు పగలకుండా చూసే ఆప్షన్ పెట్టాలి. రీప్లేగెయిన్ అంటే ఏటో తెలియని స్టీరియోలో కూడా పనిచేస్తుంది ఎందుకంటే మార్పు ఫైల్లోనే అచ్చయిపోతుంది కదా. ఎంపీ3 ఎన్‌కోడర్ (ఎంపీ3గా మార్చిపెట్టే చిన్న ప్రోగ్రాం) మాత్రం విడిగా దించుకోవాలి, అదొక విసుగు.

ఇప్పుడు అసలు గొడవ. మొదట అన్నిటికీ ట్రాక్ పద్ధతి పెట్టాను, సినిమా పాటలకి బ్రహ్మాండం. హరికథ పెట్టేసరికి మా నాన్న "ఇదేట్రా, దాసుగారు చెవిలోకొచ్చి అరుస్తున్నారు?" అన్నారు. కథ ఎనిమిది ముక్కలుగా ఉంది, ఒక ముక్కలో ఆయన నెమ్మదిగా మాటల్లో చెప్తారు, ఇంకోదాంట్లో చిరతలు, మృదంగం, పూర్తి గొంతు. ట్రాక్ పద్ధతి ఏ ముక్కకా ముక్కే కొలుస్తుంది కాబట్టి ఆ నెమ్మది ముక్కని, దాంతోపాటు టేపు సుయ్‌సుయ్ గోలని కూడా పైకి లేపేసింది. మాటా పాటా ఒకే ఎత్తులో వినిపిస్తే ఇంక హరికథేముంది చెప్పండి. ఆల్బమ్ పద్ధతికి మార్చితే ఎనిమిదింటినీ కలిపి కొలిచి అన్నిటికీ ఒకే లెక్క వేసింది, తగ్గాల్సిన చోట గొంతు తగ్గే ఉంది. మా ఫైళ్లకి ట్యాగులు (లోపల రాసుండే పాట, ఆల్బమ్ పేర్లు) లేవు, అయినా సెలెక్ట్ చేసినవన్నీ ఒకే ఆల్బమ్ అనుకోమని చెప్పే ఆప్షన్ విడిగా ఉంది, దానికి నిజంగా దండం పెట్టాను.

అందుకే పైన "అన్నిటి సౌండూ ఒకే లెవెల్" అన్నానే, అది విడి పాటలకే అనుకోండి. ఇంకోటి, దీని లెక్క 89 డెసిబెల్స్ మీద ఉంటుంది, ఇప్పటి పాటలు అంతకంటే చాలా గట్టిగా చేస్తున్నారు కాబట్టి మొత్తమ్మీద సౌండు తగ్గినట్టే ఉంటుంది. మా బావమరిదైతే "నా పాటల్ని చంపేశావు బావా" అని ఇప్పటికీ ఏడుస్తాడు. ప్రీయాంప్ (మొత్తం సౌండుని ఒకేసారి పెంచే సెట్టింగ్) కొంచెం పెంచి నెట్టుకొస్తున్నాను.

మీ దగ్గరున్నవి ముందే ఎంపీ3లైతే మాత్రం మళ్లీ కన్వర్ట్ చెయ్యకండి, 128 బిట్‌రేట్‌లో ఉన్నదాన్ని 320 చేసినా పోయిన క్వాలిటీ పోయినట్టే, పైగా ఇంకొంచెం పోతుంది. వాటికి గెయిన్‌ని, అంటే సౌండు ఎంత పెంచాలో తగ్గించాలో ఆ లెక్కని, నేరుగా ఫైల్‌కే పెట్టే ఆప్షన్ ఇందులోనే ఉంది, 1.5 డెసిబెల్స్ మెట్లలో మారుస్తుంది, క్వాలిటీ చెడదు.

నాలాగ పాత స్టీరియో, పెన్‌డ్రైవ్, ఇంట్లో తలో రకం పాటలు ఉన్నోళ్లకి అయితే పెట్టుకోండంటాను. ఫోన్లో యాప్ పెట్టుకుని వినేవాళ్లకి దీంతో పనేముంటుందో నాకైతే తోచట్లేదు.