లింకన్ సెంటర్‌లో అర్జెంటో: చూసినవి, వదిలేసినవి, పడుకున్న చోట్లు

2022 జూన్ 17 నుంచి 29 దాకా న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ అనే కళల ప్రాంగణంలో ఇటాలియన్ హారర్ దర్శకుడు డారియో అర్జెంటో సినిమాలు 20 వేశారు. ఇటలీ ప్రభుత్వ సినిమా సంస్థ చినెచిట్టా, అక్కడి ఫిల్మ్ ఎట్ లింకన్ సెంటర్ కలిసి చేసిన పని. 1970 నాటి మొదటి సినిమా దగ్గర్నుంచి ఆ ఏడాదే వచ్చిన ‘డార్క్ గ్లాసెస్’ వరకూ ఉన్నాయి. చాలా మటుకు కొత్తగా 4కె అనే బాగా స్పష్టమైన డిజిటల్ కాపీలుగా బాగుచేసినవే. పెద్దాయన 81 ఏళ్ల వయసులో స్వయంగా వచ్చి మొదటి రోజుల్లో ప్రేక్షకులతో మాట్లాడారు కూడా. మేం డాలస్ నుంచి చేరేసరికి ఆ సందడి అయిపోయింది. మా ఆవిడకి హారర్ పడదు. ఈ పిచ్చికి తోడుగా తన తమ్ముణ్ణి నాతో పంపింది.

ఇలాంటి వాటికి బయల్దేరేవాళ్లు ఏ సినిమాలు చూడాలా అని లిస్టు రాసుకుంటారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది, రాత్రి ఆఖరి షో అయ్యాక ఎక్కడికి వెళ్లి పడుకుంటారనేది. అర్జెంటో సినిమా చూసి బయటికొచ్చాక గంటన్నర రైళ్లు మారుతూ వెళ్లడం ఒక రకం, పది నిమిషాలు నడిచి మంచం ఎక్కడం ఇంకో రకం. మేం రెండూ చూశాం.

మొదట దిగింది మాన్‌హట్టన్‌కి నది అవతల ఉన్న జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర. న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో దిగితే ఇది హాయి. ఎయిర్‌ట్రెయిన్, అక్కణ్ణుంచి ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో న్యూవార్క్ పెన్ స్టేషన్, అక్కడ న్యూజెర్సీకీ మాన్‌హట్టన్‌కీ మధ్య తిరిగే పాత్ రైలు ఎక్కితే నేరుగా జర్నల్ స్క్వేర్. నాలుగడుగులు వేస్తే న్యూవార్క్ అవెన్యూలో ఇండియా స్క్వేర్. పొద్దున్నే ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ దొరుకుతాయి. గుజరాతీ థాలీలు, మిఠాయి కొట్లు, కిరాణా షాపులు అన్నీ ఒకే వీధిలో. పెరుగన్నం లేకపోతే నిద్రపట్టని వాళ్లకి మాన్‌హట్టన్‌లో ఇంత సుఖం ఉండదు. హోటల్ రేటు కూడా మాన్‌హట్టన్ రేటులో దాదాపు సగమే.

కానీ రాత్రి తిరుగు ప్రయాణం ఉందే, అదే తలనొప్పి. లింకన్ సెంటర్ దగ్గర 66వ వీధి స్టేషన్లో 1వ నంబర్ సబ్‌వే ఎక్కి 34వ వీధిలో దిగాలి. అక్కణ్ణుంచి ఆరో అవెన్యూ దాకా నడిచి పాత్ పట్టుకోవాలి. అప్పట్లో సబ్‌వేకి 2.75, పాత్‌కి మళ్లీ 2.75 డాలర్లు. ఇందులో ఇచ్చింది అందులో చెల్లదు. పాత్ రాత్రంతా నడుస్తుంది, అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే రాత్రి పదకొండు దాటితే పక్క ఊరు హోబోకెన్ చుట్టు తిరిగి వెళ్తుంది, రైలుకీ రైలుకీ మధ్య ఎడం పెరుగుతుంది. ‘టెనెబ్రే’ చూసిన రాత్రి ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడితే, వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నా మావాడు ఉలిక్కిపడ్డాడు. భయం సంగతి అలా ఉంచండి, మర్నాడు మధ్యాహ్నం షోకి కళ్లు మూతలు పడతాయి. డబ్బులు పెట్టి సినిమా హాల్లో నిద్రపోవడానికా ఇంతదూరం వచ్చింది?

అందుకని తర్వాత లింకన్ సెంటర్‌కి దగ్గర్లో, కొలంబస్ సర్కిల్ పక్కన ఒక హోటల్‌కి మారాం. గది రాత్రికి 300 డాలర్లు దాటింది. దాని మీద 14.75 శాతం పన్ను, రోజుకి ఇంకో మూడున్నర డాలర్ల ఫీజులు. ఇవి న్యూయార్క్‌లో ఎక్కడైనా తప్పవు. ఒళ్లు మండింది వేరేదానికి. బుకింగ్‌లో సన్న అక్షరాల్లో పెట్టి, కౌంటర్‌లో అడిగిన ‘ఫెసిలిటీ ఫీజు’. ఏ ఫెసిలిటీ అని అడిగితే వైఫై, లోకల్ ఫోన్ కాల్స్ అన్నాడు. 2022లో లోకల్ కాల్స్! కిటికీకి బిగించిన ఏసీ రాత్రంతా గడగడమంటూనే ఉంది. పేరు ఎందుకులెండి, ఆ చుట్టుపక్కల హోటళ్లలో ఈ ఫీజు మామూలేనట. అయినా లెక్క వేసుకుంటే ఈ ఖర్చుకి నేను బాధపడలేదు. వరసగా రెండు మూడు రాత్రి షోలు ఉన్న రోజులకి దగ్గర్లో ఉండటం, మిగతా రోజులకి జెర్సీ సిటీ. ఇదే నా సలహా.

ఇక హాలు. వాల్టర్ రీడ్ థియేటర్ 65వ వీధి మీద, మెట్లెక్కి పైకి వెళ్తే వస్తుంది. 268 సీట్లు. వాలు బాగా ఉంది కాబట్టి ముందు ఎవరు కూర్చున్నా తెర కనబడుతుంది. మరీ ముందు వరసలు తప్ప చెడ్డ సీటంటూ లేదు. టికెట్ కూడా అక్కడి మల్టీప్లెక్సుల కంటే తక్కువే పడింది. ‘సస్పీరియా’ లాంటి వాటికి ముందే బుక్ చేసుకోవాలి, మిగతావాటికి అప్పటికప్పుడు వెళ్లినా దొరికాయి. స్వెట్టర్ మాత్రం మర్చిపోవద్దు, లోపల ఏసీ హోరెత్తిపోతుంది.

‘సస్పీరియా’ (1977) నేను లాప్‌టాప్‌లో చూసి ఉన్నాను. అది చూసినట్టు కాదని మొదటి రెండు నిమిషాల్లోనే తేలిపోయింది. అమెరికా నుంచి వచ్చిన అమ్మాయి జర్మనీలో ఎయిర్‌పోర్టు దాటి బయటికి వస్తుంటుంది. గాజు తలుపులు తెరుచుకున్నప్పుడల్లా బయటి గాలివానతో పాటు గోబ్లిన్ అనే బ్యాండు కట్టిన సంగీతం లోపలికి దూసుకొస్తుంది. తలుపులు మూసుకోగానే ఠక్కున ఆగిపోతుంది. మళ్లీ తెరుచుకుంటాయి, మళ్లీ వస్తుంది. ఇంట్లో స్పీకర్లలో ఇది ఒక తమాషా. ఇక్కడ మాత్రం ఆ తలుపు దాటొద్దని చెప్పాలనిపించింది. ఇంకా ఏమీ జరగలేదు, రక్తం బొట్టు లేదు, ఒక పిల్ల టాక్సీ కోసం చూస్తోందంతే.

రంగుల సంగతి చెప్పాలి. కెమెరామన్ లుచియానో తోవోలి లైట్లకి రంగు గుడ్డలు అడ్డం పెట్టి నటుల మొహాలకి బాగా దగ్గరగా తెచ్చాడు. ప్రింట్లేమో అప్పటికే మూలపడుతున్న పాత టెక్నికలర్ పద్ధతిలో తీయించారు. కొత్త 4కె కాపీలో ఆ ఎరుపు గోడ మీద వేసిన రంగులా కాకుండా గాలిలో కలిపినట్టు ఉంటుంది. ఇంకో సంగతి. కథ మొదట చిన్నపిల్లల కోసం అనుకున్నది. నిర్మాత ఒప్పుకోక పాత్రల వయసు పెంచారు గానీ, తలుపుల పిడులు మాత్రం ఎత్తులోనే ఉంచేశారు. పెద్ద తెర మీద అది స్పష్టంగా కనబడుతుంది. ఇరవై ఏళ్ల అమ్మాయిలు పిడి అందుకోవడానికి చేయి పైకెత్తుతుంటే, ఎందుకో చెప్పలేం గానీ, గుండె బరువెక్కుతుంది.

‘డీప్ రెడ్’ (1975) నా దృష్టిలో ఆయన సినిమాలన్నిటికీ పెద్దన్న. హంతకుల మొహాన్ని దర్శకుడు సినిమా మొదట్లోనే మనకి చూపించేస్తాడు, మనమే గమనించం. టీవీలో అయితే గమనించే అవకాశమే లేదు. ఈ సినిమా మొదటిసారి చూస్తున్న మావాడు ఆ కారిడార్ సీన్లో నా మోచెయ్యి పట్టుకుని “బావా, ఇప్పుడేదో కనబడింది” అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఆఖర్లో అది తేలాక వాడి మొహం చూడాలి! టికెట్ డబ్బులు అక్కడికక్కడే వసూలయ్యాయి.

ప్రేక్షకుల గురించి కొంచెం ఫిర్యాదు ఉంది. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పేవే. నటులు తలా ఒక భాషలో మాట్లాడేవాళ్లు, పెదాలకీ గొంతుకీ పొంతన ఉండదు. కొందరు న్యూయార్క్ కుర్రాళ్లు దీనికి ప్రతిసారీ కిచకిచ నవ్వడమే. పరభాషా హీరోయిన్లకి ఇంకెవరో గొంతు అరువిస్తుంటే చూస్తూ పెరిగిన మనకి ఇదొక విషయమే కాదు. అర్జెంటోని ఇష్టపడటానికి తెలుగువాళ్లకి ఇదొక అర్హత అనుకోవచ్చు.

షోకీ షోకీ మధ్య గంటా రెండు గంటలు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ గడపడానికి లింకన్ సెంటర్ అంత మంచి చోటు ఇంకొకటి లేదు. హెర్స్ట్ ప్లాజాలో ఒక భవనం కప్పు మీద వాలుగా పరిచిన పచ్చిక ఉంది, కాళ్లు చాపుకోవచ్చు. పక్కనే కళల లైబ్రరీ, లోపలికి వెళ్లడానికి డబ్బులక్కర్లేదు, బాత్‌రూమ్ శుభ్రంగా ఉంటుంది. ఆ వేసవి ఫౌంటెన్ ఉన్న పెద్ద ప్లాజాని బయటి డాన్స్ ఫ్లోర్ చేసి, పైన పదడుగుల డిస్కో బాల్ వేలాడదీశారు. లోపల మనుషులు గాజుముక్కల మీద పడి చస్తుంటారు, బయటికొస్తే ముసలీ ముతకా అంతా కలిసి సల్సా చేస్తుంటారు. తిండి మాత్రం ఆ చుట్టుపక్కల జేబుకి చిల్లే. మాకు బేగెల్, అరటిపళ్లు, బండి మీద ఫలాఫెల్ రైస్ దిక్కయ్యాయి.

అక్కడే ఎదురుగా మెట్రోపాలిటన్ ఒపేరా. ‘ఒపేరా’ (1987) చూసి దాని ముందునుంచి నడిచి వెళ్లడం ఈ ట్రిప్పులో నాకు దొరికిన అదనపు ఆనందం. ఇటలీలోని మచెరాతా అనే ఊళ్లో ఒక ఒపేరాకి దర్శకత్వం వహించమని అర్జెంటోని పిలిచి, ఆయన ఆలోచనలు విని బెదిరిపోయి వద్దన్నారు. ఆ కసి అంతా ఈ సినిమాలో తీర్చుకున్నాడు. పార్మా నగరంలోని రెజియో థియేటర్లో, కాకులు గుంపుగా ప్రేక్షకుల నెత్తిన చక్కర్లు కొట్టే షాట్ కాకి కళ్లతో తీసినట్టే ఉంటుంది. కళ్ల కింద సూదులు అంటించిన ఆ సీను పోస్టర్ మీదే చూసి ఉంటారు. సినిమాలో దాన్ని తట్టుకోవడానికి మావాడు కళ్లజోడు తీసేశాడు.

‘ఇన్‌ఫెర్నో’ (1980) కథ జరిగేదే న్యూయార్క్‌లో. లోపలి సెట్లు ఎక్కువ రోమ్‌లో వేసినా, సెంట్రల్ పార్క్ సీన్లు ఇక్కడే తీశారు. గ్రహణం రాత్రి చెరువు గట్టున పాత పుస్తకాల వ్యాపారి మీద ఎలకలు పడతాయి, కేకలు విని హాట్‌డాగ్ బండివాడు పరుగెత్తుకొస్తాడు, రక్షించడానికి అనుకుంటాం. ఆ మధ్యాహ్నం మేం సెంట్రల్ పార్క్ చెరువు దగ్గరే బెంచీ మీద కూర్చుని తిన్నాం. లింకన్ సెంటర్ నుంచి పార్కు నడక దూరమే కాబట్టి మీరు కూడా ఈ వరస పాటించండి, ముందు పార్కు, తర్వాత సినిమా. తిరగేస్తే బండి మీద తిండి సహించదు. కథకి తలా తోకా లేదని కొందరంటారు, నిజమే. నీళ్లలో మునిగిపోయిన హాలులో తాళంచెవి కోసం అమ్మాయి దిగే సీను ఒక్కటి చాలు నాకు.

అన్నీ ఇలా ఉండవు. 1848 మిలాన్ తిరుగుబాటు మీద తీసిన ‘ఫైవ్ డేస్’ (1973) అరుదుగా వేస్తారు కదా అని వెళ్లాను. హాస్యం పండలేదు, మళ్లీ చూడను. ‘స్టెన్దాల్ సిండ్రోమ్’ (1996)లో ఫ్లోరెన్స్ ఉఫిజి మ్యూజియం సీను బ్రహ్మాండం, తర్వాత సాగదీత. అందులో అప్పటి కంప్యూటర్ గ్రాఫిక్స్‌ని 4కె మరీ బట్టబయలు చేసింది. ‘డ్రాకులా 3డి’ (2012)ని ఇంట్లో చూసి ఉన్నాను, అందులో మనిషంత గొల్లభామని మళ్లీ భరించే ఓపిక లేక ఆ షో వదిలేశాం. అన్నీ చూసి తీరాలని పంతం పట్టేవాళ్లకి చెప్పేదొకటే, ‘ఫైవ్ డేస్’ తప్ప 1970 నుంచి 1987 మధ్యవాటికి టికెట్లు కొనండి, తర్వాతవాటిలో ఏదో ఒకటి చూస్తే సరిపోతుంది.

ఆ ఏడాదే ఇటలీలోని ట్యూరిన్ సినిమా మ్యూజియంలో అర్జెంటో మీద పెద్ద ప్రదర్శన నడుస్తోంది, 2023 జనవరి దాకా. ‘డీప్ రెడ్’ హత్య జరిగిన చౌరస్తా, ఆ పాడుబడ్డ భవంతి రెండూ అదే ఊళ్లో ఉన్నాయి. తిరుగు ఫ్లైట్‌లో మావాడు టికెట్ల రేట్లు చూడటం మొదలెట్టాడు. నాకు గ్రీన్‌కార్డు ఉంది, పర్లేదు. వాడి పాస్‌పోర్టులో హెచ్1బి వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో అయిపోయింది. దేశం దాటితే మళ్లీ రావడానికి కాన్సులేట్ స్లాట్ కావాలి, అప్పట్లో హైదరాబాద్‌లో స్లాట్లు దొరకడం లేదు. ఫోన్ జేబులో పెట్టేసి, “నువ్వెళ్లిరా బావా, ఫొటోలు పంపు” అన్నాడు. నేనూ వెళ్లలేదు.