అయిదు శీతాకాలాలు ఒకే దారిలో: విల్లు, గాలం, బైనాక్యులర్

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ దాకా నేను వేసుకున్న నాలుగు రోజుల రోడ్ ట్రిప్ ఇది. అయిదేళ్లుగా ప్రతి చలికాలం ఇదే దారిలో వెళ్తున్నాను. ముందు విలువిద్య, తర్వాత ఏటిలో ఫ్లై ఫిషింగ్ (ఈక, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుతో చేపలు పట్టడం), చివర జంతువులు, పక్షులు. ఈ వరుస మాత్రం తప్పకూడదు.

మొదటి ఏడాది ఆ సంగతి తెలియక మూడింటి సామానూ డిక్కీలో వేసుకుని అభయారణ్యం వైపు వెళ్లాను. చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. "వేటకు కాదండీ, గురి నేర్చుకుంటున్నాను" అన్నా వినలేదు. వినకపోవడమే సరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకీ ఒక్కటే ఆయుధం కాదు. విల్లు, బాణాలు, గాలం, వల, కత్తి, అన్నీ ఆయుధాలే. రాతపూర్వకంగా అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. ఆ రోజంతా పోయింది. అప్పటినుంచి మూడో రోజు సాయంత్రం బరంపురంలో మా మేనత్త ఇంట్లో విల్లూ గాలాల డబ్బా దింపేసి, బైనాక్యులర్ ఒక్కటే పట్టుకుని బయల్దేరుతున్నాను.

మొదటి రోజు మహేంద్రగిరి వైపు ఒక సవర పల్లెలో. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది మా పర్లాకిమిడిలోనే. నాకు ఆ భాషలో పది మాటలు కూడా రావు, అది నాకు లోటే. నాకు విల్లు చేసి ఇచ్చిన తాతకు తెలుగు కొంచెం వచ్చు. ఆ విల్లుకు నారి కూడా వెదురు బద్దే. "పని అయ్యాక నారి దింపెయ్ బాబూ. వంచి ఉంచితే విల్లు బలం పోద్ది" అన్నాడు. రెండో ఏడాది ఆ మాట మరిచిపోయి, ఎక్కుపెట్టిన విల్లును ఎండలో కారులో వదిలేశాను. బద్ద ఎండి పగిలింది. తాత ఏమీ అనకుండా కొత్త బద్ద చీల్చి కట్టాడు. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. గురికి గడ్డిమోపు పెట్టుకుంటాం. ఇరవై అడుగుల నుంచి మొదలుపెట్టిన నేను ఇప్పుడు అరవై అడుగుల నుంచి పదింటికి ఆరు తగిలిస్తున్నాను. వెళ్లేముందు ఊరి పెద్దను అడగాలి, నేర్పినవారికి కూలి ఇవ్వాలి. ఫొటోల కోసం వేషం వేయమని మాత్రం ఎవరినీ అడగకండి.

రెండో రోజు కాశీనగరం దగ్గర వంశధార. చలికాలంలో నీళ్లు తగ్గి తేటగా ఉంటాయి. మామూలు గాలంలో సీసం బరువు తీగను లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, చిన్న గాలానికి ఈక, దారం చుట్టినది, అంతే. బరువంతా లైనుది. కర్ర వెనక్కి ఊపాక లైను వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఒక్క క్షణం ఆగాలి. ఆ ఒక్క క్షణం ఆగడం నేర్చుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. తొమ్మిది అడుగుల, అయిదో నంబరు (తేలికపాటి లైనుకు సరిపోయే) కర్ర మన ఏటి చిన్న చేపలకు చాలు. మధ్యాహ్నం గాలి లేస్తే లైను మాట వినదు, కాబట్టి ఉదయం పదిలోపే ముగించుకోండి. గాలం కొన దగ్గరి ఎదురుముల్లును పటకారుతో నొక్కేస్తాను. చేపను తడిచేత్తో పట్టుకుని నీళ్లలోనే వదిలేస్తాను. చెరువులు చాలావరకు వేలంపాటకు ఇచ్చేవే, పాడుకున్నవారిని అడగకుండా గాలం వేయకూడదు.

మూడో రోజంతా ప్రయాణమే. మోహన, చంద్రగిరి మీదుగా బరంపురం. ఘాట్‌రోడ్డులో చీకటి పడకుండా చూసుకోండి. తప్తపానిలో వేడినీళ్ల స్నానం బాగుంటుంది, రాత్రికి ఆగాల్సినంత మాత్రం లేదు.

నాలుగో రోజు కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. చీకటితో లేచి ఆస్కా వైపు భేట్నోయ్ చేలకు వెళ్తాను. అక్కడ కృష్ణజింకలు కంచెల వెనక ఉండవు, పొలాల్లోనే తిరుగుతాయి. చేలో జింక అడుగు పెడితే మంచిదని అక్కడి రైతుల నమ్మకం. మేసిన పంటకు బాధపడరా అని ఒక పెద్దాయనను అడిగాను. "మా తాతల నాటినుంచీ ఉన్నాయి, వాటి వాటా వాటిది" అన్నాడు ఒడియాలో. కారు దిగకుండా అద్దం దించి చూస్తే గుంపు బెదరదు.

అక్కడినుంచి రంభ వెళ్లి పడవ ఎక్కుతాను. ఇక్కడ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మిల్లీమీటర్ల అద్దం ఉన్న) బైనాక్యులరే సరైనది. నా పాత 10×50 రంభలో పడవ ఊగినప్పుడల్లా బొమ్మను నిలవనిచ్చేది కాదు. పైగా వానాకాలం బీరువాలో ఉంచితే లోపల బూజు పట్టింది. ఇప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూత బిగించిన డబ్బాలో పెడుతున్నాను. చిలికాలో నలబణ దీవి పక్షుల అభయారణ్యం, కాబట్టి పడవను దూరంలోనే ఆపించాలి. పడవవాడికి ఆ మాట ఎక్కేముందే చెప్పండి, డబ్బులు ఇచ్చాక చెబితే వినడు. పోయిన జనవరిలో ఇంజను ఆపించి అరగంట కూర్చున్నాం. పట్టెతల బాతులు మా వైపే ఈదుకుంటూ వచ్చాయి.